నాలుగు చోట్ల కొలవాల్సిన చైను

నాకు సైకిల్ తొక్కడం రాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నేను మూడేళ్ళకు పైగా నారాయణగూడలో ఒక సైకిళ్ళ షాపులో సర్వీసు కౌంటరు చూశాను. మామూలు సైకిళ్ళు కావు. వంచిన హ్యాండిలు, సన్నటి టైర్లు ఉన్న రోడ్డు సైకిళ్ళు. పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద గుంపుగా వెళ్ళే డాక్టర్లూ, సాఫ్ట్‌వేర్ వాళ్ళూ, పోటీలకు తయారయ్యే కొందరు పిల్లలూ మా దగ్గరికి వచ్చేవారు. బీకాం చదివాను, కంప్యూటరు తెలుసు, చేతిరాత బాగుంటుంది. ఆ మూడే నా అర్హతలు.

మీలో ఎవరైనా ఇలాంటి కౌంటరు దగ్గర కొత్తగా చేరి ఉంటే ఇది మీ కోసం. సైకిళ్ళే కానక్కర్లేదు. ఒకరు చేసిన పనిని ఇంకొకరు కాగితం మీదికి ఎక్కించే ఏ ఉద్యోగమైనా సరే. పాప పడుకున్నాక దొరికే గంటలో రాస్తున్నాను, వరస తప్పితే ఏమీ అనుకోకండి.

మా షాపులో పని తెలిసిన మనిషి ఒక్కడే. యాభై దాటిన మెకానిక్. ఓనరు దగ్గర్నుంచి కస్టమర్ల వరకూ అందరం ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్ళం. చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు. చిన్నప్పుడు మామూలు సైకిళ్ళకు పంక్చర్లు వేసిన చేతులే, తర్వాత ఈ ఖరీదైన సైకిళ్ళను విప్పి విప్పి నేర్చుకున్నాయి. ఎంత పెద్దవాళ్ళనైనా మందలించేవాడు. ఒకసారి ఒక డాక్టరు గారు చైనుకు నూనె కారేలా పోసుకుని వచ్చారు.

"సార్, గిది చైనా, ఆవకాయ జాడీయా?" అన్నాడు కాకా.

"నూనె ఎక్కువుంటే మంచిదే కదయ్యా?"

"లోపటికి పోయిన నూనె చైనుది సార్. పైన ఉన్నది దుమ్ముకు బువ్వ. రాత్రి నూనె ఎయ్యాలె, పొద్దున బట్టతోని తుడువాలె. ఆపరేషన్ చేసి కుట్లు ఎయ్యకుండ ఒదిలేస్తరా మీరు?"

డాక్టరు గారు నవ్వేశారు. ఆయన ముందే నేను కార్డులో రాసుకున్నాను: చైను బాగుంది, నూనె ఎక్కువ.

ప్రతి సైకిలుకూ మా దగ్గర ఒక కార్డు ఉండేది. వచ్చినప్పుడల్లా చైను ఎంత అరిగిందో అందులో మొదటి లైనులో రాయాలి. చైను రబ్బరులా సాగదు. ఒక్కో లింకు లోపలి పిన్ను, వాన నీళ్ళతో కలిసిన సన్నటి ఇసుకకు, వెంట్రుకవాసి అరుగుతుంది. వందకు పైగా లింకుల్లో ఆ వెంట్రుకవాసి కలిస్తే చైను పొడుగవుతుంది. పొడుగైన చైను వెనక పళ్ళచక్రాల మీద సరిగ్గా కూర్చోదు. ఆ పళ్ళను కూడా మెల్లగా తన కొలతకు కొరుక్కుంటుంది. ఇది చూడడానికి గేజ్ అని చిన్న ఇనప పట్టీ ఉంటుంది. ఒక కొమ్ము లింకులో పెడితే రెండో కొమ్ము పైనే నిలబడాలి. లోపలికి దిగిపోయిందంటే చైను పని అయిపోయినట్టే. తొక్కడం రానివాళ్ళు కూడా చేయగల పని కాబట్టి అది నాకు అప్పగించారు.

ఇంకో అలవాటు చెప్పాలి. పని పూర్తయ్యాక కార్డు మీద మెకానిక్ సంతకం ఉండాలి. కానీ పనిలో దిగాక కాకా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. అందుకని పొద్దున్నే వచ్చీ రాగానే పది కార్డుల మీద సంతకాలు పెట్టి నాకు ఇచ్చేసేవాడు. "నీ రాత ముత్యాల లెక్క ఉంటది మేడం, నా వేలిముద్రలు దాని మీద ఎందుకు?" అనేవాడు. ఓనరుకు తెలుసు. ఎవరికీ తప్పనిపించలేదు.

అశోక్‌నగర్‌లో ఒక అమ్మాయిల హాస్టల్లో ఉండేది ఆ పిల్ల. నల్లగొండ జిల్లా నుంచి వచ్చింది. హాస్టల్లో మిగతావాళ్ళంతా పోటీ పరీక్షల పుస్తకాలతో ఉంటే, ఈమె ఒక్కతే మంచం కింద హెల్మెట్టు పెట్టుకుని తెల్లారుజామునే సైకిలు తీసేది. కోచ్ ఇప్పించిన పాత సైకిలు. రాష్ట్ర జట్టులో చోటు వస్తే ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి దారి పడుతుందని ఆమె ఆశ. ఆమె వయసు విభాగంలో అదే ఆఖరి ఏడాది. ఆ తర్వాత పోటీ ఉండదు.

నెలకోసారి వచ్చి కౌంటరు మీద మోచేతులు పెట్టి అడిగేది. "అక్కా, నా ముసలిది ఎట్లుంది?"

నేను గేజ్ పెట్టి చూసి, "మీ ముసలావిడకి ఏం రోగం లేదు" అనేదాన్ని. కార్డులో రాసేదాన్ని: చైను బాగుంది. పది నెలలు, పది సార్లు.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. ఆ పది నెలలకు ముందు ఒకసారి బస్సు డిక్కీలో సైకిలు పడి ఆ చైను కొంత మేర వంకరపోయింది. కాకా ఆ ముక్కను తీసేసి, అలాంటిదే కొత్త చైనులోంచి జానెడు ముక్క కోసి అతికాడు. రెండు కొసలూ కలిపే జాయింటు లింకు ఆ కొత్త ముక్క మొదట్లోనే ఉంది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని చూశాను కూడా. జాయింటు లింకు రంగు వేరుగా, బంగారం రంగులో ఉంటుంది. చైనులో సులువుగా కనపడేది అదొక్కటే. అందుకని ఏ సైకిలు వచ్చినా నేను అక్కడే గేజ్ పెట్టి కొలిచేదాన్ని. ప్రతిసారీ ఒకే చోట కొలిస్తేనే లెక్క సరిగ్గా ఉంటుందని నాకు నేనే కనిపెట్టుకున్న పద్ధతి. దాని గురించి కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ పిల్ల చైనులో మాత్రం నేను పది నెలలూ కొలిచింది ఆ జానెడు కొత్త ముక్కనే.

ఎంపిక పోటీ ఆదివారం. ముందు మంగళవారం నాడు కాకా ఆ సైకిలు తుడుస్తూ పెడల్ దగ్గరి పళ్ళచక్రం మీద చైనును రెండు వేళ్ళతో పైకి లాగాడు. అది పళ్ళ మీద నుంచి బాగా లేచింది. నన్ను పిలిచాడు.

"ఎక్కడ పెట్టి కొలుస్తున్నవ్ బిడ్డా?"

చూపించాను. ఆయన గేజ్ తీసుకుని మూరెడు దూరంలో పెట్టాడు. టక్కున లోపలికి దిగింది. ఇంకో చోట పెట్టాడు. దిగింది. మరో చోట. అక్కడా అంతే.

"నాలుగు దిక్కుల కొలువాలె. ఒక్కతాన కొలిస్తే అది చైను హాలత్ కాదు, ఆ ముక్క హాలత్."

"కొత్త చైను వేసేద్దాం కాకా. ఇప్పుడే."

"ఏస్తే ఎగురుతది. ఈ చైను, ఆ పళ్ళు కలిసి అరిగినయ్. వాటికి వాటికి జోడు కుదిరింది. కొత్తది ఆ పళ్ళ మీద నిలవదు. కూసొని మెల్లగ తొక్కితే ఏం తెల్వదు. లేచి గట్టిగ తొక్కిందా, పళ్ళు దాటి దుంకుతది."

"మరి పళ్ళచక్రాలు కూడా మార్చేస్తే?"

"గీ మోడల్‌ది మన తాన లేదు. తెప్పియ్యాలంటే వారం. ఆదివారం దాక దీన్ని ముట్టద్దు. పాతదైనా తొందరగ తెగదు. సోమవారం నేనే రెండూ కలిపి మారుస్త."

"ఓనరు సార్‌కి చెప్తారా?"

"ఏమని చెప్త? నువ్వు ఒక్కతాన కొలిసినవ్, నేను పది నెల్లు చూడలే. ఇద్దరం కలిసే పోదాం పా, చెప్దాం." నవ్వాడు. ఓనరుకు ఇద్దరం చెప్పలేదు.

సాయంత్రం ఆ పిల్ల సైకిలు తీసుకెళ్ళింది. కాకా చైను పాతదయిందని, పోటీ అయ్యాక మారుస్తానని చెప్పి పంపాడు. కార్డు మాత్రం ముగించలేదు, సోమవారం ఎలాగూ మళ్ళీ తీయాలి కదా అని. బుధవారం కాకా బావ చనిపోయాడు. కాకా ఊరెళ్ళాడు.

శుక్రవారం పొద్దున షాపు తెరుస్తుండగానే ఆ పిల్ల వచ్చింది. లోపలికి కూడా రాలేదు.

"అక్కా, నాకు పరేషాన్ అయితుంది. మా టీంల పిల్ల అన్నది, పాత చైను రేసుల తెగుతదంట. పోయిన నెల గూడ కార్డుల బాగుంది అనే ఉండె గదా, ఒక్కసారే ఎట్ల పాతదయింది? కాకాను జర ఒక్కసారి చూడమను. సాయంత్రం వచ్చి తీస్కపోత."

సైకిలు గోడకు ఆనించి వెళ్ళిపోయింది. కాకా ఊళ్ళో లేడని నేను చెప్పలేదు. చెప్పేలోపే వెళ్ళిందని చాలాకాలం అనుకున్నాను. నిజానికి వెనక్కి పిలిచేంత టైము ఉంది.

కాకాకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. అప్పుడు నాకు ఐదో నెల. ఏ చిన్నదానికైనా గుండె దడదడలాడే రోజులు. ఫోన్‌లో తెగిన చైన్ల బొమ్మలు వెతికి చూశాను. అరిగిన చైను వెంటనే మార్చాలని అందరూ రాశారు. రెండు రోజుల్లో పోటీ ఉంటే, పళ్ళచక్రాలు దొరక్కపోతే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఒకటే దృశ్యం: నడిరోడ్డు మీద తెగి పడిన చైను, దాని పక్కన నా ముత్యాల రాతలో పది సార్లు 'బాగుంది'. కాకా మాట మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇవాళ ఇది రాసే అవసరం ఉండేది కాదు. ఆయన మాట కన్నా నా భయం మీద నాకు నమ్మకం ఎక్కువైంది, అంతే.

కొత్త చైను తీశాను. వంద సార్లు చూసిన పని. పాతదాని పక్కన పెట్టి లింకులు లెక్కపెట్టి, ఎక్కువైనవి తీసేసి, జాయింటు లింకు పెట్టి లాగితే టిక్కుమని పడింది. స్టాండు మీద పెట్టి పెడల్ చేత్తో తిప్పాను. ఎంత నున్నగా తిరిగిందో. గేర్లన్నీ మార్చి చూశాను. చప్పుడే లేదు.

స్టాండు మీద సైకిలు మనిషి బరువు మోయదు. చైను మార్చిన ప్రతిసారీ కాకా ఆ సైకిలెక్కి నారాయణగూడ ఫ్లైఓవర్ మీదికి లేచి నిలబడి తొక్కుకుంటూ పోయేవాడు, ఒక్కో గేరులో. తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ "పాస్" అనేవాడు. నాకు తొక్కడం రాదు. సాయంత్రం ఆ పిల్లనే ఒకసారి ఫ్లైఓవర్ ఎక్కి చూడమని అడగొచ్చు. అడిగితే, కాకా చూడలేదా అంటుంది. అడగలేదు.

కార్డు తెరిచే ఉంది కాబట్టి మంగళవారం లైను కిందే, కొత్త తేదీ వేయకుండా రాశాను: కొత్త చైను వేయడమైనది. అడుగున కాకా సంతకం ఎప్పటిలాగే ముందే ఉంది.

"కాకాకు థాంక్స్ చెప్పు అక్కా," అంది ఆ పిల్ల, కొత్త చైను చూసి మొహం వెలిగిపోతుంటే.

"చెప్తాను," అన్నాను.

పోటీ నేను చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం కోచ్ ఓనరుకు ఫోన్ చేసి చెప్పిందే తెలుసు. నలుగురిని ఎంపిక చేస్తారు. గమ్యం కనపడుతోంది. ఆమె మూడో స్థానంలో ఉంది. సీటు మీంచి లేచి బలమంతా పెట్టి తొక్కింది. చైను పళ్ళు దాటి దూకింది. కాలు ఒక్కసారిగా కిందికి పోయింది, ఆమె హ్యాండిలు మీంచి ముందుకు పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. నోట్లో ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి.

సోమవారం కాకా ఊరి నుంచి నేరుగా పనికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ఎప్పటిలాగే పది కార్డుల మీద సంతకాలు పెట్టి నా ముందు ఉంచాడు. నేను చెప్పాలని నోరు తెరిచేలోపు ఓనరు లోపల్నుంచి వచ్చాడు. వెనకే, చేతికి కట్టుతో, కుట్లు వేసిన పెదవితో ఆ పిల్ల. సైకిలును ఎవరో ఆటోలో తెచ్చి బయట దింపారు.

కాకా మొదట సైకిలు దగ్గరికే వెళ్ళాడు. వంగి పెడల్ ఒకసారి తిప్పాడు. చైనును పట్టుకుని ఒకచోట ఆగి కాసేపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

ఓనరు మంగళవారం తేదీ ఉన్న ఆ కార్డు చూపించాడు. "గీ సంతకం నీదేనా?"

"నాదే."

"పాత పళ్ళ మీద కొత్త చైను ఎయ్యొద్దని నాకే వంద సార్లు చెప్పినవ్. నువ్వే వేసినవా?"

కాకా నా వైపు చూశాడు. నేను కంప్యూటరు తెర వైపు చూశాను. ఆ తెర మీద ఏముందో ఇప్పటికీ గుర్తుంది: రెండు ట్యూబులు, ఒక నీళ్ళ సీసా.

"నిన్ను నమ్మి ఇడిసిపెట్టి పోయిన కాకా," అంది ఆ పిల్ల. పెదవి కదపలేక మాట ముద్దగా వచ్చింది.

"మాట్లాడకు బిడ్డా, కుట్లు నొస్తయ్," అన్నాడాయన.

అంతసేపూ ఆయన అక్కడే నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతోంది. ఓనరు ఇంకేదో అన్నాడు, షాపు పేరు పోయిందన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు. అప్పుడు కాకా లోపలికెళ్ళి టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాడు. కౌంటరు దగ్గర ఆగి, పొద్దున సంతకం పెట్టిన పది కార్డులూ నా వైపు జరిపాడు.

"ఇవి చింపెయ్యి మేడం."

బిడ్డా అనలేదు. వేళాకోళంగా అనే మేడం కూడా కాదు అది.

ఐదో నెల అని చెప్పాను కదా, దాన్ని చాలాకాలం కారణంగా వాడుకున్నాను. తర్వాత రెండు నెలలు పనిచేసి మానేశాను. పాప పుట్టింది. ఇప్పుడు నేను ఏదైనా ఒక్క చోట చూసి వదలను. జ్వరమంటే రెండు చంకల్లోనూ థర్మామీటరు పెడతాను. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు లేస్తాను. మా ఆయన నవ్వుతాడు. ఆయనకు జాగ్రత్త కనపడుతోంది, నేను ఎవరికీ చెప్పనిది కనపడదు.

పోయిన నెల పాపను తీసుకుని చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాను. పక్క రోడ్డులో, ఒక గోడకు ఆనుకుని, ట్యూబుల మధ్య కాకా కనపడ్డాడు. బళ్ళో చదివే పిల్లల సైకిళ్ళు, తోపుడుబళ్ళ చక్రాలు బాగుచేస్తున్నాడు. ఇక ఆగలేకపోయాను. నిలబడే అంతా చెప్పేశాను. ఆయన పంక్చర్ వేస్తూనే విన్నాడు.

"నాకు ఎరుకనే," అన్నాడు. "జాయింటు లింకు ఉల్టా ఏసినవ్. బాణం గుర్తు ఎనకకు ఉన్నది. నేను ఏస్తే గట్ల ఉండదు."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు కాకా?"

"నువ్వు చెప్తవని నిలబడ్డ. మస్తుసేపు నిలబడ్డ." ట్యూబును నీళ్ళలో ముంచాడు. బుడగలు రాలేదు. "ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తది? ఆ పిల్ల దినాం గీ తోవలనే లైబ్రరీకి పోతది, ఏదో పరీక్షకు చదువుతుందంట. నన్ను చూసి రోడ్డు దాటి అవతల పక్క నుంచి పోతది. పోయి ఆ పిల్లకు చెప్పు."

మర్నాడు సాయంత్రం వెళ్ళి రోడ్డుకు అవతల నిలబడ్డాను, పాప చెయ్యి పట్టుకుని. ఆరు దాటాక వచ్చింది. భుజానికి పుస్తకాల సంచి. నన్ను చూసి నవ్వింది, పెట్టుడు పళ్ళు తెల్లగా మెరిశాయి.

"అక్కా! నీ బిడ్డనా? ఏం పేరు?"

పేరు చెప్పలేదు. ముందు అది చెప్పాను. గేజ్, కొత్త ముక్క, శుక్రవారం, కార్డు, అన్నీ. ఎక్కడా ఆపలేదు. ఆమె నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, కింద చూస్తూ చెప్తున్నాను.

"సెలెక్షన్ పోయింది, పోనీ," అంది చివరికి. గొంతు పెంచలేదు. "కాకాను నేను ఏం జేసిన్నో ఎరుకనా నీకు? మా నాయనను తీస్కొని వాళ్ళింటికి పోయిన. ఆయన పెండ్లాం ముంగట, వాడకట్టంత చూస్తుంటె, మా నాయన కాలర్ పట్టిండు. నేనే పట్టుమన్న. గప్పుడు గూడ ఆయన నీ పేరు తియ్యలే."

ఆ సంగతి నాకు తెలీదు. కాకా నిన్న కూడా చెప్పలేదు.

"పద, నేనొచ్చి ఆయన ముందే..." అన్నాను.

"నువ్వు రాకు. నువ్వు గీడనే ఉండు."

ఆటోల మధ్య నుంచి దాటి వెళ్ళింది. కాకా తలెత్తి చూశాడు. ఆమె ఏమందో, ఆ రొదలో నాకు వినపడలేదు. చాలాసేపు మాట్లాడింది. ఆయన మధ్యలో ఒకసారి చెయ్యి అడ్డంగా ఊపాడు, తర్వాత తన పీట ఆమె వైపు తోశాడు. ఆమె దాని మీద కూర్చోలేదు. నేల మీదే ఆయన పక్కన కూలబడి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

ఇద్దరిలో ఒక్కరూ ఇటు చూడలేదు. పాప ఇంటికి పోదామని నా చెయ్యి లాగింది. మార్కెట్టులో లైట్లు వెలిగాయి. పొమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి, నేను అక్కడే నిలబడ్డాను.